అమెరికాలో వలస కుటుంబాలే వెల్ఫేర్ (ప్రభుత్వ సాయం) ఎక్కువ వాడుతున్నాయా? గ్రీన్‌కార్డు వచ్చిన అమ్మానాన్నలకు ఏమైనా వస్తుందా?

మీరు అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. మొదటిది: 2026 జనవరిలో ట్రంప్ సోషల్ మీడియాలో పెట్టిన దేశాలవారీ పట్టిక మీ వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. అందులో భూటాన్ నుంచి వచ్చిన ఇళ్ళలో 81 శాతం ప్రభుత్వ సాయం తీసుకుంటున్నట్టు ఉంది, మన దేశం పేరు మాత్రం లేదు. వలస వచ్చినవాళ్ళు ఇక్కడ పుట్టినవాళ్ళకన్నా ఎక్కువ సాయం తీసుకుంటారన్నది నిజమేనా అని అడిగారు. రెండోది: మీ అమ్మానాన్నలకు కొత్తగా గ్రీన్‌కార్డు వచ్చింది, వాళ్ళ పేరున ఏదైనా అప్లై చేస్తే రేపు వాళ్ళ సిటిజన్‌షిప్‌కి దెబ్బ తగులుతుందా అని.

జవాబు ముందే చెప్పేస్తాను. ఇళ్ళను లెక్కపెడితే వలసవాళ్ళ ఇళ్ళే ఎక్కువ. మనుషులను లెక్కపెడితే వలసవాళ్ళే తక్కువ. రెండూ నిజమే, ఎవరికి ఏది కావాలో అది పట్టుకుని అరుస్తారు. ఇక మీ అమ్మానాన్నల సంగతి: గ్రీన్‌కార్డు వచ్చిన మొదటి ఐదేళ్ళు వాళ్ళకు ఫెడరల్ సాయం దాదాపు ఏదీ రాదు. అప్లై చేసినంత మాత్రాన వాళ్ళ సిటిజన్‌షిప్ ఆగదు. ఫారంలో అబద్ధం రాస్తే మాత్రం ఆగుతుంది.

నేను న్యూజెర్సీలో ఒక చిన్న కమ్యూనిటీ సంస్థలో చాలా ఏళ్ళుగా దరఖాస్తుల బల్ల దగ్గర కూర్చుంటున్నాను. స్నాప్ (తిండి సరుకులకు సాయం, పాత పేరు ఫుడ్ స్టాంపులు), మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్ళకు ప్రభుత్వ ఆరోగ్య బీమా), ఆసుపత్రి చారిటీ కేర్ ఫారాలు నింపిపెట్టడం, ట్యాక్స్ సీజన్‌లో వీటా అనే ప్రభుత్వ పథకం కింద ఉచితంగా రిటర్నులు వేసిపెట్టడం నా పని. లాయర్ని కాను. ఇమిగ్రేషన్ కేసులో చిక్కుంటే లాయర్ దగ్గరికే పంపిస్తాను, మీకూ అదే చెబుతాను.

ముందు లెక్కల సంగతి

వలసలు తగ్గించాలని వాదించే సెంటర్ ఫర్ ఇమిగ్రేషన్ స్టడీస్ 2022 సెన్సస్ సర్వే వివరాలతో ఒక లెక్క వేసింది. వలస వచ్చినవాళ్ళు ఇంటిపెద్దగా ఉన్న ఇళ్ళలో 54 శాతం, ఇక్కడ పుట్టినవాళ్ళ ఇళ్ళలో 39 శాతం ఏదో ఒక సాయం వాడాయని తేల్చింది. వలసలు ఉండాలనే కేటో ఇన్‌స్టిట్యూట్ అదే 2022 సంవత్సరానికి ఇంకో లెక్క వేసి, తలసరిన చూస్తే వలసవాళ్ళు 21 శాతం తక్కువ వాడారంది. రెండు సంస్థలూ ప్రభుత్వ సర్వేలతోనే లెక్క కట్టాయి. తేడా అంతా ఎవరిని ఎవరి ఖాతాలో వేశారు, దేన్ని సాయం అన్నారు అన్న దగ్గరే వచ్చింది.

ఇంటి లెక్కలో, ఆ ఇంట్లో ఒక్కరు ఒక్క పథకం వాడినా ఆ ఇల్లంతా వెల్ఫేర్ ఇల్లే. ఆ ఒక్కరు ఈ దేశంలో పుట్టిన మూడేళ్ళ పిల్లయినా సరే. పథకాల జాబితాలో మెడికెయిడ్, స్నాప్, నగదు సాయంతో పాటు బడిలో ఉచిత భోజనం, తక్కువ జీతగాళ్ళకు ట్యాక్స్ రిటర్నులో వచ్చే క్రెడిట్ కూడా ఉంటాయి. కొన్ని బడుల్లో ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ కలిపి పిల్లలందరికీ భోజనం ఉచితమే.

ఒక ఉదాహరణ చెబుతాను. న్యూజెర్సీలో పిల్లల ఆరోగ్య బీమా, అంటే ఎన్‌జె ఫ్యామిలీకేర్, పేదరికపు గీతకు 355 శాతం దాకా ఆదాయం ఉన్న ఇళ్ళకు వస్తుంది. 2025 లెక్కలో నలుగురున్న ఇంటికి అది సుమారు 1,14,000 డాలర్లు. హెచ్1బి (ఉద్యోగ వీసా) మీద ఉండి ఏడాదికి లక్ష డాలర్లు తెచ్చుకునే మన తెలుగు కుర్రాడు, కన్సల్టెన్సీ ఇచ్చే ఫ్యామిలీ బీమా ప్రీమియం కట్టలేక, ఇక్కడే పుట్టిన పిల్లలకు ఫ్యామిలీకేర్ తీసుకుంటే అది పూర్తిగా చట్టబద్ధం. పిల్లలకు వేరే బీమా ఉండకూడదు, అంతే. ఇలాంటి ఇళ్ళు నా బల్ల దగ్గరికి చాలానే వచ్చాయి. సర్వేవాళ్ళు ఆ ఇంటి తలుపు తడితే అది ‘వెల్ఫేర్ వాడుతున్న వలస కుటుంబం’ కిందికే పోతుంది. ఆ ఇంటాయన మాత్రం తన గ్రూపులో అదే పట్టికను ఫార్వర్డ్ చేస్తూ ఉంటాడు.

అలాగని కేటో లెక్క గంగాజలం ఏమీ కాదు. వాళ్ళు సోషల్ సెక్యూరిటీ (పెన్షన్), మెడికేర్ (ముసలివాళ్ళ ఆరోగ్య బీమా) కూడా కలుపుతారు. అవి ఎక్కువగా ముసలివాళ్ళకు పోయే డబ్బు. వలస వచ్చినవాళ్ళలో పనిచేసే వయసువాళ్ళు ఎక్కువ కాబట్టి తలసరి సహజంగానే తగ్గుతుంది. పైగా వలస తల్లిదండ్రులకు ఇక్కడ పుట్టిన పిల్లలు తీసుకునే సాయం ‘ఇక్కడ పుట్టినవాళ్ళ’ ఖాతాలో పడుతుంది. ఆ తల్లిదండ్రులు రాకపోతే ఆ పిల్లలు ఉండేవాళ్ళు కాదుగా అని అవతలివాళ్ళు అంటారు. అది కొట్టిపారేసే మాట కాదు. కానీ ఆ పిల్లలు పెద్దయ్యాక కట్టే పన్నులను కూడా అదే ఖాతాలో వేయాలి మరి. నేషనల్ అకాడమీస్ 2016లో తెచ్చిన పెద్ద నివేదిక ఆ పని చేసింది. మొదటి తరం వలసవాళ్ళ వల్ల రాష్ట్రాలకూ స్థానిక ప్రభుత్వాలకూ ఖర్చు ఎక్కువని, అందులో పెద్ద వాటా పిల్లల చదువుదని చెప్పింది. ఆ పిల్లలు పెద్దయ్యాక ఖజానాకు ఇచ్చేది ఎక్కువగా ఉండేవాళ్ళలో నిలుస్తారనీ చెప్పింది.

ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ పుట్టినవాళ్ళ ఇళ్ళలో 39 శాతం అంటే పదింటికి నాలుగు. ‘వెల్ఫేర్’ అనగానే మనవాళ్ళు ఎవరో సోమరిపోతులను ఊహించుకుంటారు. పదిళ్ళలో నాలుగిళ్ళు సోమరిపోతులవి కావు. జీతం చాలక, బీమా లేక వాడుతున్నవాళ్ళే ఎక్కువ. వలస ఇళ్ళ విషయంలోనైతే సెంటర్ ఫర్ ఇమిగ్రేషన్ స్టడీస్ కూడా ఒప్పుకుంటుంది: సాయం వాడే వలస ఇళ్ళలో అత్యధికం పనిచేసేవాళ్ళున్న ఇళ్ళేనని. చదువు తక్కువ, జీతం తక్కువ, పిల్లలు ఎక్కువ. కారణం అక్కడుంది.

భూటాన్ 81 ఎందుకు, మనం ఎందుకు లేము

పట్టికలో భూటాన్ పేరు చూసి నవ్వుకున్నామని రాశారు. వాళ్ళెవరో తెలిస్తే నవ్వరు. 1990 ప్రాంతంలో భూటాన్ నుంచి వెళ్ళగొట్టబడ్డ నేపాలీ భాషవాళ్ళు వాళ్ళు. నేపాల్‌లో ఝాపా, మొరంగ్ శిబిరాల్లో ఇరవై ఏళ్ళ దాకా వెదురు గుడిసెల్లో ఉన్నారు, బయట పనిచేసే హక్కు లేదు. 2008 నుంచి అమెరికా వాళ్ళలో తొంభై వేలకు పైగా మందిని రెఫ్యూజీలుగా తెచ్చుకుంది. కొలంబస్, హ్యారిస్‌బర్గ్, పిట్స్‌బర్గ్ లాంటి చోట్ల స్థిరపడ్డారు. శిబిరంలో ముసలైపోయి వచ్చినవాళ్ళు ఇంగ్లీషు అక్షరం తెలియకుండా దిగారు. రెఫ్యూజీ చట్టమే వాళ్ళకు మొదటి రోజు నుంచి సాయం ఇమ్మంది, అందుకని తీసుకున్నారు.

మనవాళ్ళ దారి వేరు. డిగ్రీ ఉండి, కంపెనీ పిలిస్తే తప్ప హెచ్1బి రాదు. చదువుకు వచ్చేవాళ్ళు బ్యాంకు బ్యాలెన్సు చూపిస్తేనే ఎఫ్1 స్టాంపింగ్. ప్యూ రీసెర్చ్ లెక్కలో 2023లో భారతీయులు ఇంటిపెద్దగా ఉన్న ఇళ్ళ మధ్యస్థ ఆదాయం లక్షన్నర డాలర్లు దాటింది. పేదరికం ఆరు శాతం దగ్గర ఉంది. అది మన రక్తంలోని గొప్పతనం అనుకుంటే పొరపాటు. వీసా జల్లెడ ముందే మనల్ని ఏరింది. ఒకే దక్షిణాసియా నుంచి శిబిరం గేటు దాటి వచ్చినవాళ్ళనూ, ఎయిర్‌పోర్టులో ఆఫర్ లెటర్ పట్టుకుని దిగినవాళ్ళనూ పక్కపక్కన పెట్టి శాతాలు రాస్తే ఆ పట్టికకు అర్థం ఉండదు. అసలు అడగాల్సింది ఏ దేశం అని కాదు: ఏ వీసా మీద వచ్చారు, వచ్చి ఎన్నేళ్ళయింది, ఎంత చదువుకున్నారు అని.

ఆ రెఫ్యూజీల పరిస్థితి కూడా ఇప్పుడు మారింది. 2025 జూలైలో వచ్చిన పెద్ద బడ్జెట్ చట్టంతో రెఫ్యూజీలకూ ఆశ్రయం పొందినవాళ్ళకూ గ్రీన్‌కార్డు వచ్చేదాకా స్నాప్ లేదు. మెడికెయిడ్ కూడా 2026 అక్టోబరు నుంచి చాలామందికి పోతుంది. పాత పట్టికల్లో శాతాలు పాత చట్టాలవి, అది గుర్తుపెట్టుకోండి.

పేదరికం లెక్క

సెన్సస్ ప్రకారం 2024లో దేశం మొత్తం మీద పేదరికం 10.6 శాతం. విదేశాల్లో పుట్టినవాళ్ళలో అది కొంచెం ఎక్కువ ఉంటుంది. కానీ విడదీసి చూస్తే, సిటిజన్ అయిపోయిన వలసవాళ్ళు ఇక్కడ పుట్టినవాళ్ళతో ఇంచుమించు సమానంగానో కాస్త మెరుగ్గానో ఉంటారు. బరువంతా ఇంకా సిటిజన్లు కానివాళ్ళ దగ్గర ఉంది.

ఆ పేదరికపు గీతను 1960లలో మాలీ ఒర్షాన్‌స్కీ అనే ప్రభుత్వ ఉద్యోగిని తిండి ఖర్చును మూడుతో హెచ్చవేసి గీశారు. ధరలను బట్టి ఏటా పెంచుతున్నారు గాని ఊరిని బట్టి మార్చరు. సాయానికి అర్హత చూసే గీత 2025లో నలుగురికి 32,150 డాలర్లు, మిసిసిపీలోనూ అంతే, న్యూజెర్సీలోనూ అంతే. మా ఎడిసన్ వైపు రెండు బెడ్రూముల అపార్ట్‌మెంటు అద్దెకే నెలకు 2,000 దాటిపోతుంది. అంటే ఏడాది అద్దె పోగా గీత మీదున్న ఇంటికి మిగిలేది ఎనిమిది వేలు, అందులోనే తిండి, కారు, కరెంటు. వలసవాళ్ళు ఎక్కువగా ఉండేది ఇలాంటి ఖరీదైన చోట్లే కాబట్టి, అద్దెలూ అందిన సాయమూ కలిపి సెన్సస్ వేసే రెండో లెక్కలో వాళ్ళ పేదరికం ఇంకా పైకి పోతుంది.

మీ అమ్మానాన్నలు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇక్కడ ముప్పై ఏళ్ళ కిందటి మాటలు ఇంకా తిరుగుతున్నాయి. ‘65 దాటితే గవర్నమెంటే నెలనెలా డబ్బులిస్తుందట కదా’ అని ఇప్పటికీ వచ్చి అడుగుతారు. ఒకప్పుడు నిజమే. అప్పట్లో గ్రీన్‌కార్డు మీద వచ్చిన పెద్దవాళ్ళు ఎస్ఎస్ఐ అనే నగదు సాయం తీసుకునేవారు. పిల్లలు బాగా సంపాదిస్తున్నా తల్లిదండ్రులు తీసుకుంటున్నారని పెద్ద గొడవైంది. 1996 ఆగస్టు 22న క్లింటన్ సంతకం చేసిన వెల్ఫేర్ సంస్కరణ చట్టంతో ఆ తలుపు మూసేశారు. ఆ తేదీకి ముందే ఇక్కడున్నవాళ్ళలో చాలామందికి మరుసటి ఏడాది మళ్ళీ తెరిచారు. తర్వాత వచ్చినవాళ్ళకు నియమాలు ఇవి.

మెడికెయిడ్, స్నాప్: పెద్దవాళ్ళకు గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్ళు నిండాలి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు స్నాప్‌లో ఈ ఐదేళ్ళ నియమం లేదు. పిల్లలకూ గర్భిణులకూ మెడికెయిడ్‌లో ఈ ఆగుడు లేకుండా చేసుకునే వీలు రాష్ట్రాలకు 2009 నుంచి ఉంది, న్యూజెర్సీలో అలాగే ఇస్తారు. న్యూయార్క్, కాలిఫోర్నియా సొంత డబ్బుతో ఇంకొంత ఇస్తాయి. టెక్సస్‌లో అయితే పేద సిటిజన్లకే, 65 లోపు ఉండి, వైకల్యం గాని పిల్లలు గాని లేకపోతే, మెడికెయిడ్ దొరకదు. ఈ ప్రశ్నకు రాష్ట్రం పేరు చెప్పకుండా జవాబు చెప్పేవాళ్ళను నమ్మొద్దు.

ఎస్ఎస్ఐ: గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్ళకు ఐదేళ్ళతో పాటు 40 క్వార్టర్ల పని, అంటే సుమారు పదేళ్ళ పని, ఉండాలి. ‘మా అబ్బాయి పదిహేనేళ్ళ నుంచి సోషల్ సెక్యూరిటీ కడుతున్నాడుగా, అది సరిపోదా’ అని ప్రతి తండ్రీ అడుగుతాడు. సరిపోదు. భర్తవి భార్యకు, భార్యవి భర్తకు పనికొస్తాయి. తల్లిదండ్రులవి చిన్న పిల్లలకు పనికొస్తాయి. పిల్లలవి తల్లిదండ్రులకు పనికిరావు.

సిటిజన్ అయ్యాక ఆ షరతు పోతుంది. కానీ డెబ్బై ఏళ్ళ పెద్దాయన ఐదేళ్ళకే సిటిజన్ కావాలంటే ఇంగ్లీషు పరీక్ష ఉంటుంది. వయసును బట్టి ఇంగ్లీషు లేకుండా తెలుగులో సివిక్స్ (దేశ చరిత్ర, పాలన మీద ప్రశ్నలు) చెప్పే వీలు 55 దాటి గ్రీన్‌కార్డు మీద పదిహేనేళ్ళు, లేదా 50 దాటి ఇరవై ఏళ్ళు ఉన్నవాళ్ళకే. అయ్యాక కూడా ఆస్తి పరిమితి ఉంది, ఒంటరికి 2,000 డాలర్లు, దంపతులకు 3,000. ఊళ్ళో పొలం, హైదరాబాద్‌లో ఫ్లాట్, పోస్టాఫీసు డిపాజిట్, టీచర్ పెన్షన్, ఇవన్నీ చెప్పాల్సినవే. ‘ఇండియాలో ఉన్నది వాళ్ళకేం తెలుస్తుంది’ అని సలహా ఇచ్చేవాళ్ళు ఉన్నారు. ఒకసారి తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారు నా ముందే కొడుకును కసిరారు: ‘రెండెకరాలుందని రాయరా, నాన్న ముసలాడయ్యాడు గాని దొంగ కాలేదు’ అని. రాశాం. అర్హత లేదని తేలింది. ఆయనకు అప్పుడే టెన్షన్ తీరిపోయింది. ఇంకోటి, ఎస్ఎస్ఐ తీసుకుంటూ వరసగా ముప్పై రోజులు దేశం దాటితే ఆగిపోతుంది. చలికాలమంతా ఇండియాలో గడిపే పెద్దవాళ్ళకు ఇది కుదిరే సంగతి కాదు.

మార్కెట్‌ప్లేస్ బీమా (ఒబామాకేర్ కింద సొంతంగా కొనుక్కునే ఆరోగ్య బీమా): ఇక్కడే 2026లో పెద్ద దెబ్బ తగిలింది. అంతకుముందు ఐదేళ్ళు నిండని గ్రీన్‌కార్డు పెద్దవాళ్ళకు ఆదాయం పేదరికపు గీత కిందున్నా సబ్సిడీ వచ్చేది, మెడికెయిడ్ రాదు కాబట్టి చట్టంలోనే అలా దారి ఉంచారు. ఎంతోమంది తెలుగు పెద్దవాళ్ళ మందులు అలాగే నడిచాయి. 2026 జనవరి నుంచి ఆ దారి మూసేశారు. మీరు వాళ్ళను డిపెండెంట్లుగా చూపిస్తే మీ ఇంటి ఆదాయం మొత్తం లెక్కకు వస్తుంది. ఉదాహరణకు ఆరుగురున్న ఇంటికి 2026 బీమాకు ఏడాది ఆదాయం సుమారు 1,72,600 డాలర్లు దాటితే సబ్సిడీ సున్నా. దాటకపోతే మాత్రం ఇంకా వస్తుంది, కాబట్టి డిపెండెంట్లుగా చూపించాలా వద్దా అన్నది రెండు రకాలుగా లెక్క వేయించుకుని చూడండి.

65 దాటి, గ్రీన్‌కార్డు మీద ఐదేళ్ళు ఆగకుండా ఇక్కడుంటే డబ్బు కట్టి మెడికేర్ కొనుక్కోవచ్చు. 2026లో ఇద్దరికీ ఎ (ఆసుపత్రి), బి (డాక్టరు) భాగాలు కలిపి నెలకు 1,500 డాలర్ల పైమాటే. ఇది సాయం కాదు, కొనుక్కోవడం. అంత కట్టలేనివాళ్ళు న్యూజెర్సీలో ఉంటే ఆసుపత్రిలో చారిటీ కేర్ ఫారం అడగండి. పేదరికపు గీతకు రెండింతల లోపు ఆదాయం, తక్కువ ఆస్తి ఉన్నవాళ్ళకు ఆసుపత్రి బిల్లు మాఫీ అవుతుంది. బిల్లు వచ్చాక క్రెడిట్ కార్డు గీకే ముందే అడగాలి. మనవాళ్ళు పరువుకు పోయి ముందు గీకేసి తర్వాత నా దగ్గరికి వస్తారు.

మీ మీద పడేవి ఏంటి

అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు పెట్టినప్పుడు మీరు ఐ-864 అనే పూచీకత్తు ఫారం మీద సంతకం పెట్టారు. చాలామంది అది ఒక ఫార్మాలిటీ అనుకుంటారు. అది ఒప్పందం. వాళ్ళు సిటిజన్లు అయ్యేదాకా, లేదా 40 క్వార్టర్లు పనిచేసేదాకా, లేదా గ్రీన్‌కార్డు వదిలేసి పూర్తిగా వెళ్ళిపోయేదాకా మీదే పూచీ. ఈలోగా వాళ్ళు కొన్ని సాయాలు తీసుకుంటే ప్రభుత్వం మీ దగ్గర వసూలు చేయవచ్చు. నా కళ్ళ ముందు ఎవరికీ నోటీసు రాలేదు గాని, 2019లోనే ఆ నిబంధనను గట్టిగా అమలు చేయమని అధ్యక్షుడి ఆదేశం వచ్చింది. ఐదేళ్ళు నిండాక వాళ్ళు స్నాప్ అడిగినా మీ ఆదాయాన్ని వాళ్ళ ఆదాయంగా కలిపే నియమం ఉంది.

మీరు భయపడుతున్న ‘పబ్లిక్ చార్జ్’ పరీక్ష, అంటే ఈ మనిషి ప్రభుత్వ సాయం మీదే బతుకుతారా అని చూడడం, గ్రీన్‌కార్డు ఇచ్చేటప్పటిది. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో ఆ పరీక్ష లేదు. ఒక మినహాయింపు మాత్రం మీ అమ్మానాన్నలకు ముఖ్యం: గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు వరసగా 180 రోజులు దాటి బయట ఉండి తిరిగొస్తే, వాళ్ళను కొత్తగా వస్తున్నట్టు చూసి మళ్ళీ ఆ ప్రశ్న వేయవచ్చు. టికెట్లు బుక్ చేసేటప్పుడు ఆరు నెలలు దాటకుండా చూసుకోండి. 2022 చివర్లో వచ్చిన నియమం ప్రకారం ఎస్ఎస్ఐ లాంటి నగదు సాయం, ప్రభుత్వ ఖర్చుతో సంస్థలో ఉంచి చూసుకోవడం మాత్రమే లెక్కలోకి వస్తాయి. స్నాప్, మామూలు మెడికెయిడ్ రావు. 2025 నవంబరులో ఆ నియమాన్ని ఎత్తేస్తామని ప్రభుత్వం ప్రతిపాదించింది. కాబట్టి ఇంట్లో ఇంకా గ్రీన్‌కార్డు రావలసినవాళ్ళు ఉంటే అప్లై చేసే ముందు లాయర్‌తో ఒక్కసారి మాట్లాడండి.

భయం వల్ల వదిలేసుకునేవి

నేను రోజూ చూసేది ఎక్కువ తీసుకునేవాళ్ళను కాదు, రావలసింది వదిలేసుకునేవాళ్ళను. హెచ్4 (హెచ్1బి ఉన్నవాళ్ళ భార్య లేదా భర్తకు ఇచ్చే వీసా) మీద ఉన్న ఒకామెను భర్త వదిలేసి వేరే రాష్ట్రానికి పోయాడు. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. ఆమెకు స్నాప్ రాదు, పిల్లలకు వస్తుంది. ఆమె ఎంతోకాలం అడగలేదు. గుళ్ళో ఎవరో ‘అప్లై చేస్తే పిల్లల్ని పట్టుకుపోతారు’ అన్నారట. చివరికి కౌంటీ ఆఫీసు నుంచి ఫోన్ ఇంటర్వ్యూ వచ్చినప్పుడు నేను పక్కన ఉన్నాను. ఆదాయం ఎంత, అద్దె ఎంత, ఇంట్లో ఎవరెవరు కలిసి వండుకు తింటారు. అంతే అడిగారు. తనకోసం అడగడం లేదని చెబితే ఆమె వీసా వివరాల్లోకి పోలేదు.

కార్డు వచ్చాక ఇండియన్ గ్రోసరీకి తోడు రమ్మంది. సోనామసూరి బస్తా, కందిపప్పు, పెరుగు డబ్బా, ఫ్రోజెన్ ఇడ్లీ అన్నీ ఆ కార్డు మీద పోయాయి. కౌంటర్ పక్కన అద్దాల పెట్టెలో ఉన్న వేడి సమోసాలు పోలేదు, వేడి వంటకాలకు స్నాప్ చెల్లదు. అగరుబత్తులు, గిన్నెలు తోమే సబ్బు విడిగా డబ్బిచ్చి కొంది. వెనకాల లైన్లో తెలిసినామె కనిపిస్తే కార్డును పర్సు చాటున పెట్టుకుని స్వైప్ చేసింది. ఈ ఇల్లు కూడా పట్టికలో ‘వలస కుటుంబం, వెల్ఫేర్’ కిందే ఉంటుంది. ఆ కార్డు మీద తినే ఇద్దరూ అమెరికా పౌరులే.

ఆ ‘కలిసి వండుకుంటారా’ ప్రశ్న దగ్గర ఒక హెచ్చరిక. మన ఊళ్ళలో రేషన్ కార్డు కోసం ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు చూపించినట్టు, ఇక్కడ అమ్మానాన్నలది వేరు వంట అని రాయించేవాళ్ళు ఉన్నారు. నిజంగా వేరైతే రాయండి. ఒకే కుక్కర్‌లో వండుకుంటూ వేరని రాస్తే అది మోసం. సిటిజన్‌షిప్ ఫారంలో మంచి నడవడిక ప్రశ్నల దగ్గర అదే తగులుకునేది.

డబ్ల్యుఐసి (గర్భిణులకు, బాలింతలకు, చిన్న పిల్లలకు తిండి సాయం), బడి భోజనం: ఇవి రెండూ ఇమిగ్రేషన్ స్థితి చూడకుండా ఇస్తారు. ఇంట్లో ఎవరికైనా పత్రాలు సరిగా లేకపోతే మాత్రం కొత్తగా ఏదైనా అప్లై చేసే ముందు సలహా తీసుకోండి. 2025లో మెడికెయిడ్ వివరాలను ఇమిగ్రేషన్ శాఖకు ఇవ్వడం మీద కోర్టు గొడవలు నడిచాయి.

నిరుద్యోగ భృతి వెల్ఫేర్ కాదు, మీ ఉద్యోగం మీద కట్టిన బీమా. న్యూజెర్సీలో అయితే మీ పే స్టబ్‌లోనే ఆ కోత కనిపిస్తుంది. కానీ హెచ్1బి మీద లేఆఫ్ అయినవాళ్ళు ఆ డబ్బు పొందడం కష్టం. ‘రేపే ఎక్కడైనా పనిలో చేరగలరా’ అన్నది షరతు, హెచ్1బికి కొత్త పిటిషన్ లేకుండా చేరే వీల్లేదు. కోత కడతారు, చేతికి రాదు. వెల్ఫేర్ పట్టికల్లో ఈ సంగతి ఏ గడిలోనూ కనిపించదు.

మీరు మీ రాష్ట్రం పేరు రాయలేదు. అమ్మానాన్నల గ్రీన్‌కార్డు మీద ‘రెసిడెంట్ సిన్స్’ అన్న తేదీ, వాళ్ళ వయసులు, మీ ఇంట్లో మొత్తం ఎంతమంది, పోయినేడు మీ ట్యాక్స్ రిటర్నులో అడ్జస్టెడ్ ఆదాయం, ఇండియా పెన్షన్ ఉంటే అదెంత, ఇవి రాస్తే (పేర్లు, ఎ-నంబర్లు అనే ఇమిగ్రేషన్ ఫైలు నంబర్లు వద్దు) ఏది అడగొచ్చో ఏది అనవసరమో ఇంకా కచ్చితంగా చెబుతాను. ఈలోగా వాళ్ళకు బీపీ, షుగర్ మందులు కావాలంటే ఫెడరల్ నిధులతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్ ఒకటి దగ్గర్లో ఎక్కడుందో చూడండి. అక్కడ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు.